గడి ఒప్పయితే చాలునా?

సావనీరుకు ఏదైనా రాయమంటే మిత్రులు ప్రేమ గురించో, సమాజం గురించో రాస్తారు. నేను పహాణీలో ఒక వరుస గురించి రాస్తాను. మాది రేగొండ దగ్గర వ్యవసాయ కుటుంబం, నాకు బాగా తెలిసిన సంగతి ఇదే.

పహాణీలో రైతు భూమి అంటే ఒక అడ్డవరుస. సర్వే నంబరు, మొత్తం విస్తీర్ణం, ఖరాబు, మిగిలిన సాగుభూమి, పట్టాదారు పేరు. మాది మొత్తం 3.10, అంటే మూడెకరాల పది గుంటలు. ఖరాబు 15 గుంటలు. నలభై గుంటలకు ఎకరం గనుక మిగిలేది 2.35. బడికి పోని మా నాయిన వేళ్ళ మీద చెప్తడు. ఆ చుక్కను దశాంశ బిందువు అనుకొన్నవారికి మాత్రం 2.95 వస్తుంది. ఎకరం కాని తొంభై అయిదు గుంటలు ఎక్కడైనా ఉంటాయా! కంప్యూటరూ ఒప్పుకోలేదు, గుంటలు 39 దాటితే తీసుకోనన్నది. ఎక్కించేవారికి తొందర. 2.39 కొట్టారు. గడి ఒప్పుకొన్నది. ఎవరు, ఎక్కడ అన్నది ఇక్కడ అనవసరం.

ఏ గడికాగడి ఒప్పే, వరుస తప్పు. మాకు నాలుగు గుంటలు, అంటే 484 చదరపు గజాలు, ఊరకే పెరిగాయి. భూమి పెరగదు గదా! అదే సర్వే నంబరులో పక్క చెలక పాలోళ్ళ చిన్నాయినది. "నా నాలుగు గుంటలు మీ కాయితంల ఎట్లొచ్చినయ్?" అని అడిగి పోయినవాడు రెండేళ్ళు మా గడప తొక్కలేదు. అక్క పెళ్ళికీ రాలేదు. మాకు ఎక్కువ వచ్చిన భూమిని తగ్గించండని నాయిన తిరుగుతుంటే చూసినవాళ్ళు నవ్వినారు.

కంప్యూటర్ ప్రాక్టికల్స్‌లో నాకీ సంగతి బోధపడింది. పట్టికలో తనిఖీ రెండు చోట్ల పెట్టవచ్చు: గడి వదిలేటప్పుడు, వరుస వదిలేటప్పుడు. ఖరాబు ఇంకా రాయనప్పుడు సాగుభూమి తప్పో ఒప్పో ఎట్లా తెలుస్తుంది? వరుస నిండినాకనే మొత్తంలోంచి ఖరాబు తీసి, మిగిలినదీ రాసినదీ ఒకటేనా అని అడగాలి. అటుపైన ఆ నంబరులోని వరుసలన్నీ కూడి సేత్వార్‌తో పోల్చాలి. పొసగకపోతే ఏ గడి దగ్గర తేడా వచ్చిందో చూపాలి.

తప్పు వరుసను అసలు దాచనీయకూడదని కొందరంటారు. నేను ఒప్పుకోను. దారి మూసేస్తే మనిషి యంత్రానికి నచ్చే అబద్ధం వెతుకుతాడు, మా 2.39 అట్లా పుట్టిందే. 'తేలలేదు' అని గుర్తు పెట్టి ఉంచనివ్వాలి, తేలేదాకా దాని మీద పట్టా మాత్రం ఇవ్వకూడదు. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. తప్పు వరుస ఏ పోర్టల్‌లోకి పోయినా తప్పు వరుసే. రేపు ఇటువంటి ప్రోగ్రాములు రాసే కొలువులకు మనలోనే కొందరు పోతారు గనుక ఇంతగా చెప్తున్నాను.

మాది కిందటేడు సరి అయింది. దసరా నాడు చిన్నాయిన జమ్మి పట్టుకొని వచ్చిండు. భూమి మాట ఎవ్వరం ఎత్తలేదు. పత్తి గురించి చాలాసేపు మాట్లాడుకొన్నాము.