బజారు మాటకూ బుద్ధిబలం ఉన్నది

చదువుకున్నవారిదే భాష, బజారులో వినిపించేది వట్టి అపభ్రంశం అనే భావం విద్యావంతులలో బలంగా నాటుకొని ఉన్నది. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం. ఇందుకు లండను నగరపు తూర్పుభాగంలోని కాక్నీ జనుల డబ్బు మాటలే సాక్ష్యం.

సెయింట్ మేరీ లె బో చర్చి గంటల నాదం వినవచ్చేంత దూరంలో పుట్టినవారే అసలైన కాక్నీలని నానుడి. పందొమ్మిదవ శతాబ్దంలో అక్కడి వీధులలో పండ్లు, కూరగాయలు, చేపలు అమ్ముకొనే చిల్లర వర్తకులు పోలీసులకూ, కొనవచ్చినవారికీ అర్థం కాకుండా ధరలు చెప్పుకోవలసి వచ్చేది. అందుకై ఇంగ్లీషు పదాల అక్షరాలను వెనుక నుండి ముందుకు తిప్పివేశారు. 'పెన్నీ' 'యెనెప్' అయినది. 'సెవెన్' 'నెవెస్' అయినది. లండను శ్రామికులను గురించి హెన్రీ మేహ్యూ 1851లో ప్రకటించిన గ్రంథంలో ఈ తిరగేసిన భాష నమోదయినది.

అంత్యప్రాసల భాష ఇంకొక మెట్టు పైది. 'మనీ'కి 'బీస్ అండ్ హనీ' ప్రాస. తరువాత ప్రాస కుదిరిన 'హనీ'నే విడిచి 'బీస్' అంటే చాలు. అసలు తాళంచెవినే దాచివేసినందున పరాయివానికి అంతు చిక్కదు. ఐదు పౌన్ల 'ఫైవర్' నోటు 'లేడీ గొడైవా' అయినది. ప్రజల పన్నుల భారం తగ్గించమని భర్తను వేడుకొన్నదని గాథలు చెప్పే దొరసాని పేరు అది. 'కొమొడోర్స్' బృందం 1978లో 'త్రీ టైమ్స్ ఎ లేడీ' అనే పాట పాడింది. మూడు 'లేడీ'లు పదిహేను పౌన్లు గనుక, ఆ మొత్తానికి 'కొమొడోర్' అనే పేరు వచ్చింది. గాథ, పాట, గుణకారం మూడూ ఒక్క మాటలో ఇమిడినవి. దీనిని మోటుతనమనగలమా?

ప్రాసతో సంబంధం లేని మరొక లండను మాట 'మంకీ'. ఐదువందల పౌన్లకు అది పేరు. మన దేశంలో కొలువుచేసి వెళ్ళిన ఆంగ్ల సైనికులు, ఇక్కడి 500 రూపాయల నోటుపై కోతిబొమ్మను చూసి ఈ పేరు తీసుకొనిపోయారని ఒక కథ ప్రచారంలో ఉన్నది. వినటానికి మనకు ఇంపుగానే ఉంటుంది. కాని అటువంటి నోటు లేదు. భారత ప్రభుత్వపు కాగితపు నోట్లు 1861 చట్టంతో ఆరంభమైనవి. 'మంకీ' అంతకు దశాబ్దాల ముందే ఇంగ్లండులో వాడుకలో ఉన్నది. పేదల మాటను తృణీకరించటం ఎంత తప్పో, దానికి కట్టుకథ అంటగట్టటమూ అంతే తప్పు. మొదటిది వారి ప్రతిభను కాదంటుంది; రెండవది దానిని వేరొకరికి ధారపోస్తుంది.

మాటలకూ ఆయువు ఉన్నది. 1971లో బ్రిటను దశాంశ నాణేలకు మారింది. 1980లో ఆరు పెన్నీల నాణెం చెలామణి నుండి తొలగింది. దానితో 'టానర్' అనే దాని ముద్దుపేరు నిత్యవ్యవహారం నుండి జారిపోయింది. అయినా ఎవరో వ్రాసి ఉంచినందువలన అది నేటికీ మనకు తెలుస్తున్నది.

విద్యార్థి మిత్రులారా! ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మన బజారులోనూ బేరగాండ్ర మాటలు ఉన్నవి. వాటిని విని నవ్వి ఊరుకోక, ఎవరి నోట, ఏ అర్థంలో విన్నారో ఉన్నదున్నట్లు వ్రాసుకొనండి. అట్టి సేకరణకు మన వార్షిక సంచికలో ఏటేటా రెండు పుటలు కేటాయించవలసినదిగా కళాశాల సంఘంవారికి నా విన్నపం.