గడియారానికి అప్పగించిన మాట

రాజధానిలో ప్రభుత్వం మాట ఎక్కడ వినబడుతుందన్న ప్రశ్నకు ఒకప్పుడు జవాబు సులభం. పార్లమెంటులోనో, పత్రికా గోష్ఠిలోనో, ఆకాశవాణిలోనో వినబడేది. ఇప్పుడు ఆ మాట ముందుగా చేతిలోని ఫోనులో ప్రత్యక్షమవుతున్నది. తెలుగువారికి ఇందుకు దూరపు నిదర్శనం అక్కరలేదు. పి.వి. నరసింహారావుకు భారతరత్న ప్రకటించిన సంగతి 2024 ఫిబ్రవరి 9న దేశానికి తెలిసింది ప్రధానమంత్రి ఎక్స్ ఖాతా ద్వారానే. చరణ్ సింగ్, ఎం.ఎస్. స్వామినాథన్‌లకు ఆ గౌరవం దక్కిన వార్తా అదే రోజు, అదే దారిన వచ్చింది. అటువంటి ఖాతా ఒక వ్యక్తి సొంత డైరీ కాదు. అది దాదాపు ఒక గెజెట్టు.

ఆ గెజెట్టులో రేపటి మాటను నేడే రాసి, ఫలానా తేదీన ఫలానా గంటకు వెలువడవలసిందని యంత్రానికి పురమాయించి, మనుషులు ఇంటికి వెళ్ళిపోవచ్చునా? ఫేస్‌బుక్ పేజీలకు ఈ వెసులుబాటు ఏనాడో వచ్చింది. ట్విటర్ తన సొంత వెబ్‌సైటులోనే దీనిని 2020లో కల్పించింది. నెల రోజుల జయంతులు, వర్ధంతులు, పండుగ శుభాకాంక్షలు, పథకాల ప్రచారం ఒక్క కూర్చునికిలో రాసి వరుస పెట్టడం నేడు ఏ పార్టీ కార్యాలయానికైనా సాధ్యమే.

ఇందులో ప్రజలకు మేలు లేదని అనడం అన్యాయం. ఓటరుగా పేరు నమోదు చేసుకునేందుకు గడువు ఎప్పటితో ముగుస్తుంది, పోలియో చుక్కలు ఏ ఆదివారం వేస్తారు, పరీక్ష దరఖాస్తుకు ఆఖరు రోజు ఏది అన్న విషయాలు ముందుగా రాసి పెట్టుకోదగినవే. పైగా పాఠం ముందుగా సిద్ధమైతే అనువాదానికి వ్యవధి దొరుకుతుంది. హిందీ, ఇంగ్లీషు పాఠాలు వెలువడిన చాలాసేపటికి తెలుగు పాఠం రావడం మనకు కొత్త కాదు. అన్ని భాషల పాఠాలూ ఒకే గంటకు వెలువడే ఏర్పాటు జరిగితే దానిని స్వాగతించవలసిందే.

ముందుగా రాసి పెట్టుకోవడం పత్రికలకూ తెలియని విద్య కాదు. గణతంత్ర దినోత్సవానికీ, స్వాతంత్ర్య దినోత్సవానికీ ముందు సాయంత్రం రాష్ట్రపతి జాతికి ఇచ్చే సందేశం ప్రసారానికి ముందే పత్రికలకు చేరడం, ఫలానా గంట వరకు ప్రచురించరాదన్న షరతుతో చేరడం పాత ఆచారమే. వృద్ధ నాయకుల జీవిత విశేషాలు సిద్ధంగా పెట్టుకోని పత్రిక ఉండదు. అయితే ఆ కాగితానికీ అచ్చు యంత్రానికీ నడుమ రాత్రి పాళీలో ఒక సబ్ ఎడిటర్ మేలుకొని ఉండేవాడు. పరిస్థితి మారితే పేజీ ఆపే అధికారం అతనికి ఉండేది. ఆపకపోతే ఉదయం సంజాయిషీ చెప్పుకోవలసిన బాధ్యతా ఉండేది. నేటి ఏర్పాటులో యంత్రం వచ్చి చేరినందుకు చింత లేదు. మేలుకొని ఉండవలసిన మనిషి తప్పుకోవడమే చింతించదగిన సంగతి.

మనిషి ఉంటే పొరపాటు జరగదని కాదు. 1979 మార్చిలో జయప్రకాశ్ నారాయణ్ బొంబాయి ఆస్పత్రిలో ఉండగానే ఆయన మరణించినట్లు ప్రధాని మొరార్జీ దేశాయి లోక్‌సభలో ప్రకటించారు. సభ వాయిదా పడింది. ఆకాశవాణి ఆ వార్తను దేశమంతటా వినిపించింది. జయప్రకాశ్ ఆ తరువాత ఆరు నెలలకు పైగా జీవించి, అక్టోబర్ 8న పాట్నాలో కన్నుమూశారు. అంతటి ఘోరమైన పొరపాటుకు కూడా ఒక చిరునామా ఉన్నది. ఎవరు అన్నారో, ఎక్కడ అన్నారో దేశానికి తెలుసు. గడియారం చేసిన ప్రకటనకు ఆ చిరునామా ఉండదు. పొరపాటు బయటపడితే ‘సిబ్బంది పని’ అని ఒకరు, ‘సాంకేతిక లోపం’ అని మరొకరు తప్పుకుంటారు.

2023 జూన్ 2ను జ్ఞాపకం చేసుకుందాం. ఉదయం తెలంగాణ అంతటా దశాబ్ది ఉత్సవాలు ఆరంభమైనాయి. ఆ సాయంత్రం ఒడిశాలోని బాలాసోర్ వద్ద కోరమండల్ ఎక్స్‌ప్రెస్, బెంగుళూరు నుంచి హౌరా వెళుతున్న మరో రైలు, ఒక గూడ్సు బండి ప్రమాదానికి లోనై 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. విశాఖపట్నం, రాజమండ్రి, విజయవాడల మీదుగా చెన్నై చేరవలసిన బండి అది. మరునాడు ప్రధాని గోవాలో వందే భారత్ రైలును ప్రారంభించవలసి ఉండగా ఆ కార్యక్రమాన్ని రద్దు చేశారు. సభను ఒక్క ఉత్తర్వుతో రద్దు చేయవచ్చు. కాని అటువంటి రాత్రి దేశంలోని వందలాది ఖాతాల వరుసలలో ఏ ఉత్సవ చిత్రం ఏ గంటకు కాచుకొని ఉన్నదో ఏ ఒక్క ఉత్తర్వుకూ అందదు. ప్రతి ఖాతా దగ్గర ఎవరో ఒకరికి జ్ఞాపకం రావాలి, ఆ ఒకరికి ఆపే అధికారం ఉండాలి. శవాల గుర్తింపు కోసం బంధువులు ఎదురుచూస్తున్న వేళ నవ్వుముఖంతో వెలువడే శుభాకాంక్షను ఎవరూ కావాలని పంపరు. కావాలని పంపలేదన్న మాట ఆ బంధువులకు ఓదార్పు కాదు.

ఆనంద సందర్భాలలోనూ ఇదే చిక్కు. రంజాన్ పండుగ నెలవంకను బట్టి వస్తుంది. ప్రభుత్వ సెలవుల జాబితాలు కూడా ఆ తేదీ మారవచ్చుననే చెబుతాయి. చంద్రుడు కనబడకముందే శుభాకాంక్షలు వెలువడితే ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్న సామెత గుర్తుకు రాక మానదు. నవ్వి ఊరుకోదగిన తప్పు ఇది. ఎన్నికల నాటి తప్పు అటువంటిది కాదు.

పోలింగ్ ముగిసే గంటకు ముందు 48 గంటలపాటు ప్రచారం ఆగవలసిందని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. ఉల్లంఘనకు రెండేళ్ళ వరకు జైలుశిక్ష విధించవచ్చు. 1996 సవరణతో అందులో టెలివిజన్ పేరు చేరింది. ఇంటర్నెట్ పేరు కనబడదు. సామాజిక మాధ్యమాల విషయంలో ప్రధాన ఆధారం ఆ సంస్థలు 2019 మార్చిలో స్వచ్ఛందంగా అంగీకరించిన నియమావళి. 126వ సెక్షన్ ఉల్లంఘనను ఎన్నికల కమిషన్ ఎత్తిచూపితే మూడు గంటలలో చర్య తీసుకోవాలన్నది దానిలోని ముఖ్యాంశం. డబ్బు చెల్లించి వేసే రాజకీయ ప్రకటనకు ముందస్తు ధ్రువీకరణ కావాలి. సొంత ఖాతాలో పెట్టుకునే పోస్టుకు ఆ నిర్బంధం లేదు.

2024 మే 13న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఓటర్లు ఓటు వేశారు. మే 11 సాయంత్రం మైకులు మూగబోయాయి. ఇటువంటి నిశ్శబ్దంలో, నాలుగు రోజుల క్రితం రాసి వరుసలో పెట్టిన పోస్టు పోలింగ్ నాటి తెల్లవారుజామున ఓటరు ఫోనులో మోగితే, అది ఏనాటి ప్రచారం? రాసిన నాటిదని పార్టీ వాదించవచ్చు. చదివిన నాటిదని ఓటరుకు తెలుసు. మూడు గంటలలో తొలగించే లోపల సగం ఊరు పోలింగ్ కేంద్రానికి వెళ్ళి వస్తుంది.

పాత పోస్టులు ఖాతాలో ఎలాగూ కనబడుతుంటాయి కదా, కొత్తదానిమీదనే అభ్యంతరమెందుకని అడిగేవారున్నారు. గోడమీద వెలిసిపోతున్న పోస్టరు వేరు, అర్ధరాత్రి తలుపు తట్టి చేతిలో పెట్టిన కరపత్రం వేరు. రాత్రింబవళ్ళు సిబ్బందిని పెట్టలేని చిన్న పార్టీలకు ఈ సౌకర్యమే శరణ్యమన్న వాదనలో కొంత న్యాయమున్నది. అయితే వారికి కావలసింది ప్రచార దినాలలో సౌకర్యం. నిశ్శబ్ద దినాలలో మినహాయింపు కాదు.

కనుక చేయవలసింది నిషేధం కాదు, విభజన. తేదీ నిశ్చయంగా తెలిసిన సమాచారాన్ని గడియారానికి అప్పగించవచ్చు. సంతాపం, అభినందన, ఫలితం, ఓటు కోసం విజ్ఞప్తి మాత్రం ఆ గంటకు బాధ్యుడైన మనిషి చేతిమీదుగానే వెలువడాలి. ప్రతి మంత్రిత్వ శాఖలోనూ ఆ వరుసను ఆపగల అధికారి ఒకరు రాత్రింబవళ్ళు అందుబాటులో ఉండాలి; ఆయన ఎవరో ఫైలులో రాసి ఉండాలి.

ఇక ఎన్నికల కమిషన్ చేయదగినది మరీ స్వల్పం. అభ్యర్థులు తమ సామాజిక మాధ్యమ ఖాతాల వివరాలను నామినేషన్‌తోపాటు ఇచ్చే ప్రమాణపత్రంలో తెలపాలన్న నిబంధన ఇప్పటికే ఉన్నది. ఆ ఖాతాల వరుసలను నిశ్శబ్ద కాలం ఆరంభానికి ముందే ఖాళీ చేశామని పార్టీలూ, అభ్యర్థులూ రాసి ఇవ్వవలసిందని కోరవచ్చు. పోస్టు రాసిన గంట కాదు, వెలువడిన గంటే లెక్కలోకి వస్తుందని ఒక్క వాక్యంలో స్పష్టం చేయవచ్చు. 324వ అధికరణం ఇచ్చిన అధికారంతో ఎన్నో సూచనలు జారీ చేసిన కమిషన్ ఈ వాక్యం కోసం పార్లమెంటు వైపు చూడనక్కరలేదు. రాబోయే ఎన్నికల షెడ్యూలు వెలువడేలోగా ఆ వాక్యం వెలువడితే, ఓటరుకు చట్టం హామీ ఇచ్చిన 48 గంటలు నిజంగా 48 గంటలవుతాయి.