మంట గోడలో, చలి గదిలో

గడచిన పుష్యమాసమున ఒకనాటి సాయంకాలము, హైదరాబాదునకు పడమట కోకాపేటలో ఇరువదియేడవ అంతస్తునందు క్రొత్తగా గృహప్రవేశము చేసిన మిత్రుని చూడబోయితిని. హాలులో ఒక గోడనంతటిని నల్లని రాతిపలకలతో కప్పించి, దాని నడుమ ఆరడుగుల గాజుపెట్టె యొకటి యమర్చి, అందులో నారింజవన్నె జ్వాలలు ఎడతెగక లేచుచు నణగుచు నుండునట్లు చేయించియుండెను. ఆ జ్వాలలకు మూడడుగుల దూరమున, సోఫా యంచున, మిత్రుని తల్లిగారు ఉన్నిశాలువను చెవులమీదుగ చుట్టుకొని ముడుచుకొని కూర్చుండియుండిరి. నన్ను చూడగనే ఆమె యడిగినది కుశలప్రశ్న గాదు.

"నాయనా, నువ్వైనా చెప్పు. ఇంతసేపటినుంచీ మండుతోంది, వేడి రాదేం?"

మిత్రుడు కొంచెము సిగ్గుపడి నిజము చెప్పెను. ఆ యంత్రమునకు వేడినిచ్చు మీటయు కలదు. కాని ఇంటీరియరువారు రాతిపలకల వెనుక విడిచిన ప్లగ్గు టీవీకని వేసిన ఆరు ఆంపియర్లది. మంటబొమ్మకు అది చాలును, వేడికి చాలదు. రెండుమారులు ఆ మీట నొక్కిరట. రెండవమారు కాలిన ప్లాస్టిక్కు వాసన వచ్చెనట. నాటినుండి రిమోటులోని ఆ మీటపై అంటుకాగితపు ముక్క నతికించి యుంచిరి.

ఎలక్ట్రిక్ ఫైర్‌ప్లేసు అనబడు ఈ మంటపెట్టె యిప్పుడు విల్లాల ప్రకటనపత్రములందును, ఇంటీరియరువారు చూపు కంప్యూటరు చిత్రములందును తరచుగ కనబడుచున్నది. ఉష్ణదేశమున దీని యవసరమేమని పరిహసించుట సులభము. నేనా పని చేయదలచుకొనలేదు. ఫ్యాను క్రింద కూర్చుండి పొగలు గ్రక్కు కాఫీ త్రాగు మనకు, ఏసీ వేసికొని దుప్పటి ముసుగు తన్ను మనకు, ఇంట మంటను చూచుకొనవలెనను ముచ్చట యొక్కటి యధికమైనంతమాత్రమున కొంప మునుగదు. నా వాదము వేరు. ఈ వస్తువును మంటను చూచి యెన్నుకొనరాదు, ప్లగ్గును చూచి యెన్నుకొనవలెను. గోడ ముగిసిన పిదప తీగకొఱకు వెదకుట, పెండ్లి యైన పిదప జాతకములు చూపించుట వంటిది.

ఇది నేను పుస్తకములు చదివి నేర్చిన సంగతి గాదు. రెండేండ్ల క్రిందట ఒక శీతకాలమును న్యూజెర్సీ రాష్ట్రమున ఎడిసన్ పట్టణమునందు మా అమ్మాయి యింట గడపితిని. ఆ యిల్లు పాతది; హాలులో ఇటుకలతో కట్టిన నిజమైన అగ్గిగూడును, దానిపై పొగగొట్టమును ఉండెడివి. కట్టెలు పేర్చి రాజేయగా ఎదుట కూర్చున్నవారి మోకాళ్లు కాలుచుండగనే వీపులు వణకెడివి. ఏలయనగా ఆ గొట్టము పొగతోబాటు ఇంటిలోని వెచ్చని గాలినిగూడ ఆకాశమున కర్పించి, తలుపుసందులనుండి చలిగాలిని లోపలికి లాగుచుండును. 1740ల యందు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పండితుడును, 1790ల యందు రమ్‌ఫర్డ్ ప్రభువును తమ బుద్ధిబలమునంతటిని వినియోగించి పోరాడినది ఈ గొట్టముతోనే. మా అల్లుడు పోరాటము మాని, గొట్టము మూయించి, ఆ గూటిలోనికి సరిపడు మంటపెట్టెను తెప్పించెను.

పెట్టె వెనుక రేకు నాలుగు మరలతో బిగించియుండెను. దానిని విప్పగనే, ఏడేండ్ల మా మనుమడు లోపల నిప్పు దాగియున్నదేమో యని తల దూర్చెను. నిప్పు లేదు. అడుగున వరుసగ చిన్నచిన్న ఎల్‌ఈడీ దీపములు. వాని చెంత వ్రేలెడు లావు కడ్డీ. ఆ కడ్డీపొడవున అద్దమువలె మెరయు రేకుతునకలు పూరేకులవలె వంచి యతికింపబడి యున్నవి. ఉసిరికాయంత మోటారు ఆ కడ్డీని మెల్లగా త్రిప్పుచుండగా, తునకలపై బడిన వెలుగు చెదరి, మసక గాజుపలకపైకి ప్రాకి, నాలుకలు చాచును. తోలుబొమ్మలాటలో తెరవెనుక నుండు దీపమే యిక్కడను సర్వమును నడిపించుచున్నది. ఆముదమునకు బదులు కరెంటు, అంతియే. పాతకాలపు బల్బొకటి త్రాగునంత విద్యుత్తు ఈ యాటకు చాలును. వేడి పుట్టుచోటు వేరు. పై యరలో నిక్రోము తీగచుట్టయు, దానిమీదుగ గాలి నూదు చిన్న ఫ్యానును కలవు. ఆ భాగమున దీనికిని, మంచముప్రక్కన పెట్టుకొను రెండువేల రూపాయల హీటరునకును భేదమేమియు లేదు. ఒక పెట్టెలో రెండు సరకులు: వేడి యొకటి, వేడి యొక్క బొమ్మ యొకటి. మనుమడు గాజుపై అరచేయి యానించి, చల్లగా నున్నదని తెలిసి, మోసపోయినవానివలె నన్ను చూచెను.

ఈ రెండును జతపడుట వెనుక ఒక శతాబ్దపు చరిత్ర కలదు. ఎఱ్ఱగ కాలియు త్వరగా చెడని నిక్రోము తీగను 1906లో ఆల్బర్ట్ మార్ష్ అను అమెరికా వాడు పేటెంటు చేసికొనెను. 1912లో ఇంగ్లండునందు చార్లెస్ బెల్లింగ్ ఆ తీగను కాల్చిన మట్టిదిమ్మెలకు చుట్టి గదిని వెచ్చజేయు పరికరముల నమ్మసాగెను. వేడి వచ్చినది గాని బొగ్గుమంట ముందు కూర్చుండు అలవాటు పోలేదు. 1952 డిసెంబరులో లండను నగరమును ఐదు దినములు కమ్మిన పొగమంచువలన వేలకొలది జనులు మరణింపగా, 1956లో పార్లమెంటు స్వచ్ఛవాయు శాసనమును చేసి, అనేక ప్రాంతములలో ఇండ్లనుండి బొగ్గుపొగ వెడలరాదని కట్టడి చేసెను. బొగ్గు పోయినచోట బొగ్గుబొమ్మ వచ్చినది: ఎఱ్ఱబల్బుపై పలుచని రేకుచక్రము నొకదానిని నిలిపిరి; బల్బు వేడికి పైకెగయు గాలివలన ఆ చక్రము తనంత తాను తిరుగుచు, ప్లాస్టిక్కు బొగ్గులపై నీడలు పారించెడిది. పోగొట్టుకొన్నదానికి కట్టుకొన్న జ్ఞాపకచిహ్న మది. మనమో, పోగొట్టుకొనకయే చిహ్నమును కొనుచున్నాము. అదియు నేరము గాదు.

మరల ఎడిసన్ నకు వత్తము. అచ్చటి గోడప్లగ్గు 120 వోల్టులది. సామాన్యముగ దాని వెనుక నుండు బ్రేకరు 15 ఆంపియర్లది. అందువలన ప్లగ్గున బెట్టుకొను మంటపెట్టె లన్నియు, నూరు డాలర్లవైనను రెండువేల డాలర్లవైనను, ఇంచుమించుగ 1,500 వాట్లతోనే నిలిచిపోవును. గంటకు సుమారు 5,100 బీటీయూలని అట్టపెట్టెపై పెద్ద యక్షరములలో నచ్చువేయునది ఆ 1,500 వాట్లకే మారుపేరు. ఇరువది యంగుళముల పెట్టెకును అరువది యంగుళముల పెట్టెకును వేడి యొక్కటే; ఎక్కువ యిచ్చిన సొమ్మంతయు బొమ్మకే పోవును. ఈ యొక్క వాక్యమును ఏ విక్రేతయు నోరార చెప్పగా నేను వినలేదు. మూడుగంటలకు మించి ఎడతెగక నడచు భారము బ్రేకరు శక్తిలో నూటికి 80 పాళ్లను, అనగా 12 ఆంపియర్లను దాటరాదని అక్కడి విద్యుత్ నియమావళి. 1,500 వాట్ల పెట్టె లాగునది 12.5. ఏ ప్లగ్గుననైనను పెట్టుకొనవచ్చునని అమ్మినవారి కరపత్రమున నుండెను; దీనికి విడిగా ఒక లైను ఉండిన మేలని లోపలి పుస్తకమున చీమతలకాయలంత యక్షరములతో నుండెను. మొదటి రాత్రి మంట చక్కగ మండుచుండగా మా అమ్మాయి అదే లైనుపై వ్యాక్యూమ్ క్లీనరు నడిపెను. టక్కుమని శబ్దమై, మంట, దీపములు, టీవీ సమస్తము నొక్కమారుగ నారిపోయెను. తరువాత ఎలక్ట్రీషియను వచ్చి, నేలమాళిగలోని ప్యానెలునుండి 20 ఆంపియర్ల లైను వేరుగా లాగి యిచ్చెను. దానికైన కూలి, పెట్టెవెలలో సగమునకు వచ్చెను.

మన దేశమున 230 వోల్టులగుటచేత ఈ యిబ్బంది కొంత తక్కువ. 2,000 వాట్ల పెట్టె సుమారు 8.7 ఆంపియర్లు లాగును; కావలసినది మనము పవర్ ప్లగ్గని పిలుచు 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి విడిగా ఎంసీబీ, తగినంత లావు రాగితీగ, సరియైన ఎర్తింగు. ఇంటీరియరు ఒప్పందము వ్రాసికొను దినముననే ఈ నాలుగింటిని కాగితముపై పెట్టించుకొనవలెనని నా సలహా. వడ్రంగికంటె ముందు, రాతిమేస్త్రికంటె ముందు, ఎలక్ట్రీషియను గోడను చూడవలెను. ఎక్స్‌టెన్షన్ బాక్సుతో సర్దుకొందమనువానిని గడప దాటనీయరాదు. వేడిగాలి ఏ వైపునుండి వెడలునో కొనకముందే యడుగవలెను: పైయంచునుండి వెడలు పెట్టెపై టీవీ నమర్చుట టీవీని పొయ్యిమీద పెట్టుటయే. కర్టెన్లు మీటరు దూరమున నుండవలెను. ప్లైవుడ్డునకును పెట్టెకును నడుమ తయారీదారు చెప్పినంత సందును విడువక తీరదు. అన్నిటికంటె మన వారు మరచునది మరియొకటి కలదు: ఏదో యొకనాడు ఆ మోటారు కీచుమనును, దీపములు ఆరును, ఫ్యానున దుమ్ము పేరుకొనును, అప్పుడు పెట్టెను వెలుపలికి లాగుటకు వీలుండవలెను. హైదరాబాదు బల్లులు వెచ్చని సందులను వెదకుకొనుటలో ఎంత నిపుణములో ఏసీ మెకానిక్కుల నడిగిన చెప్పుదురు. రాతిపలకలతో నలువైపుల బిగించి సీలు వేసిన మంటపెట్టె మంటపెట్టె గాదు, సమాధి.

నీటియావిరిపై వెలుగు ప్రసరింపజేసి, ముట్టుకొన చేయి దూరిపోవునట్టి మంటను చూపు రకము మరొకటి యున్నది. చూచుటకు అన్నిటికంటె నదియే సుందరము. కాని దాని తొట్టిలో మన బోరునీరు పోసినచో, ఆ నీటిలోని సున్నమంతయు పరికరమునకు పట్టి, తెల్లని పొడియై సోఫాలపై వ్రాలును. డిస్టిల్డ్ నీరు కొని పోయు నోపిక యున్నవారికే అది తగును.

ఇక అవసరమను మాట. హైదరాబాదునందు నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత 1946 జనవరి నాటి 6.1 డిగ్రీలు, సామాన్యవత్సరములలో చలి యని చెప్పదగిన రాత్రులు కొన్ని వారములకు మించవు. ఆదిలాబాదుననో, మంచుకొఱకు జనులు తెల్లవారుజామున పరుగెత్తు లంబసింగిలోనో నివసించువారు వేడిని గూర్చి నిజముగ నాలోచింపవలసినవారు. 2,000 వాట్లను దినమునకు మూడుగంటలు నడిపినచో ఆరు యూనిట్లు, నెలకు 180 యూనిట్లు. ఇంటి మిగిలిన వాడకముపై ఇది చేరగా బిల్లు పై స్లాబున కెగబ్రాకును. వేడియే కావలసినచో వేడినిగూడ నిచ్చు ఏసీలు అంగళ్లలో దొరకుచున్నవి. అవి వెలుపలి గాలినుండి వేడిని తోడి తెచ్చునట్టివగుటచేత, అదే కరెంటునకు రెండుమూడు రెట్లు వెచ్చదనము నీయగలవు. ఎడిసన్ లోను లెక్క ఇట్టిదే: గ్యాసుతో ఇల్లంతయు వెచ్చజేయుట కంటె కరెంటువేడి ప్రియము, మిగిలిన గదులకు వేడి తగ్గించి, అందరు హాలులో చేరి కూర్చుండిననే అది గిట్టుబాటగును. మా అమ్మాయి యింట అందరు హాలులో చేరిరి. మిగిలిన గదులలో వేడి తగ్గించుట మాత్రము ఎవ్వరికిని జ్ఞప్తికి రాలేదు.

ఇంతయు వ్రాసియు, ఈ పెట్టెకు న్యాయముగ దక్కవలసిన ప్రశంస నొకదానిని దాచుట తగదు. మా చిన్ననాట బాలింత గదిలో తలుపులు బిగించి, కుంపటిలో బొగ్గులు రగిలించి, సాంబ్రాణి చల్లెడివారు. ఆ పొగ పరిమళమును నే నిప్పటికిని మరువలేదు. మూసిన గదిలో రగులు బొగ్గునుండి వాసనయు రంగును లేని కార్బన్ మోనాక్సైడు పుట్టి, నిద్రలోనే ప్రాణము దీయునని ఆ ముసలమ్మలకు తెలియదు. ప్రతి శీతకాలమునను ఉత్తరదేశమునుండి అట్టి వార్తలు నేటికిని వచ్చుచునే యున్నవి. బూడిద లేక, పొగ లేక, పసివాని చేయి కాలక వెచ్చదనము నిచ్చు పెట్టెను తేలికగ తీసివేయుటకు నాకు నోరాడదు.

మొన్న కోకాపేట మిత్రుడు ఫోను చేసెను. పవర్ ప్లగ్గు వేయవలెనన్న నల్లని పలకలు రెండు ఊడదీయవలెనట. ఊడదీసిన పగులునని మేస్త్రి, అదే చారలుగల రాయి మరల దొరకదని అంగడివాడు చెప్పిరట. ఏమి చేయుటయో తోచక వచ్చే కార్తీకమువరకు వాయిదా వేసితి మనెను. అమ్మగారెట్లున్నారని యడిగితిని. ఉదయము ఎనిమిది గంటలకు బాల్కనీలోనికి ఏటవాలుగ ఎండ వచ్చుచున్నదట. ఆమె పీట యచ్చటకు మార్పించుకొని, శాలువ తీసి ప్రక్కన పెట్టి, పదిగంటలవరకు వీపు కాచుకొనుచున్నారట.