పాల లెక్క ఉంది, రోగాల లెక్క ఏది?

ఎదకు వచ్చిన ఆవుకు సూది వేయించేటప్పుడు మనం అడిగేది ఒక్కటే: ఈ ఆంబోతు తల్లి ఎన్ని లీటర్లు ఇచ్చింది? పుట్టబోయే పెయ్య పొదుగువాపును తట్టుకుంటుందా, పిడుదుల వల్ల వచ్చే జ్వరానికి నిలబడుతుందా అని అడగం. అడిగినా సూది వేసేవారి దగ్గర జవాబు దొరకదు.

ఈ లోటుకు మూల్యం చెల్లిస్తున్నది పాడి రైతే. పాల దిగుబడి ఒక్కటే చూసి ఆంబోతులను ఎంచుకుంటూ పోతే, తరం తరానికీ పొదుగువాపు ముప్పు పెరుగుతుంది. ఆ జబ్బు వస్తే మందుల ఖర్చుతో పోదు. యాంటీబయాటిక్ వాడినన్నాళ్లూ, ఆ తర్వాత కొన్నాళ్లూ పాలు కేంద్రంలో పోయడానికి వీల్లేదు. ఒక్కోసారి చన్ను శాశ్వతంగా ఎండిపోతుంది. ఇక థైలీరియాసిస్ సోకితే సంకరజాతి ఆవు త్వరగా లొంగిపోతుంది. అదే పిడుదుల మధ్య పెరిగిన ఒంగోలు ఆవు చాలావరకు తట్టుకుంటుంది. రోగాన్ని ఓర్చుకునే గుణం కొంత పుట్టుకతోనే వస్తుందనడానికి ఇదే రుజువు.

నార్వే రైతులు ఈ సంగతి ముందే పట్టుకున్నారు. పశువైద్యుడు చేసే చికిత్సలను ఆవు వారీగా నమోదు చేయడం అక్కడ 1970ల నాటికే మొదలైంది. 1978 నుంచి ఆంబోతుల ఎంపికలో పొదుగువాపునూ లెక్కలోకి తీసుకుంటున్నారు. ఈ జబ్బులో వారసత్వం వాటా కొద్దిదే. కొట్టం శుభ్రత, పాలు పితికే తీరు వాటా ఎక్కువ. అందుకే నాలుగైదు ఆవులను చూసి ఏ ఆంబోతు మంచిదో తేల్చలేం. ఒక్కో ఆంబోతుకు పుట్టిన వందల ఆడసంతానం లెక్క కావాలి.

మన దగ్గరా పునాది పడింది. పశువుల చెవులకు 12 అంకెల ట్యాగులు వేస్తున్నారు. 2024లో ఆవులకు గౌ చిప్, గేదెలకు మహిష్ చిప్ విడుదలయ్యాయి. కానీ చిప్ జన్యువులను చదువుతుందే తప్ప, ఏ ఆవు ఎప్పుడు జబ్బు పడిందో చెప్పదు. ఆ సంగతి చెప్పాల్సింది మన కొట్టాలే.

కాబట్టి మేం ప్రభుత్వాన్ని మూడు విషయాలు అడుగుతున్నాం. పశువైద్యశాలలో చేసే ప్రతి చికిత్సనూ ట్యాగు నంబరుపై నమోదు చేయాలి. ఆంబోతు వివరాల్లో పాల లెక్కతో పాటు దాని ఆడసంతానం ఆరోగ్యం లెక్కనూ తెలుగులో రైతుకు ఇవ్వాలి. వివరాలు ఇచ్చే చిన్న రైతుకు పశు బీమా ప్రీమియంలో రాయితీ కల్పించాలి.

రోగాన్ని తట్టుకునే జాతి ఒక్క ఏడాదిలో తయారు కాదు. అందాకా దూడ పుట్టిన గంట, రెండు గంటల్లో జున్నుపాలు తాగించడం, 4–8 నెలల పెయ్యదూడకు బ్రూసెల్లా టీకా వేయించడం మన చేతిలో పని. దాంతోపాటు ఒక నోటు పుస్తకం పెట్టండి. ట్యాగు నంబరు, సూది వివరం, జబ్బు, తేదీ రాయండి. వచ్చే గ్రామ కమిటీ సమావేశానికి ఆ పుస్తకాలు తీసుకురండి. లెక్క చేతిలో ఉంటేనే మన మాటకు బలం.