పన్ను మాఫీ ఎవరికి? బీమా భారం ఎవరి నెత్తిన?

బీమా ప్రీమియం మీద 18 శాతం జి.ఎస్.టి. ఎత్తేశామని కేంద్ర ప్రభుత్వం 2025 సెప్టెంబరులో ఊరూవాడా చాటింపు వేసింది. ఆ నెల 22 నుంచి, ఎవరికి వారు విడిగా తీసుకునే జీవిత బీమా, ఆరోగ్య బీమా పాలసీలకు పన్ను లేదు. పేజీలకు పేజీలు ప్రకటనలు వచ్చాయి. పొదుపు పండగ అన్నారు, దసరా కానుక అన్నారు. పన్ను తగ్గితే వద్దనేవాళ్ళం కాము. కాకపోతే పొద్దున్నే మడిలో దిగి పొద్దుగూకి ఇంటికి చేరే కూలీకి ఈ కానుకలో ఎంత వచ్చిందో లెక్క తీయాలిగదా!

వ్యవసాయ కార్మికుల ఇళ్ళల్లో ఉన్న బీమా ఏమిటి? ప్రధానమంత్రి పేరు పెట్టిన రెండు పథకాలు: ఒకటి జీవన్ జ్యోతి, రెండోది ప్రమాదాలకు వర్తించే సురక్ష. ఈ రెంటి మీదా జి.ఎస్.టి. ముందునుంచే లేదు. లేని పన్నును తీసేస్తే మనకు మిగిలేదేముంది? పైగా ఈ రెంటి ప్రీమియమే 2022 జూన్ 1 నుంచి పెంచారు. 330 రూపాయలున్నది 436 అయింది, 12 రూపాయలున్నది 20 అయింది. మనిషి పోతే ఇచ్చేది మాత్రం అదే 2 లక్షలు, కానీ పెరగలేదు. ఆ పెంపుకు ప్రకటనలేమీ లేవు. ఏటా మే నెలాఖరుకు బ్యాంకు ఖాతాలోంచి సొమ్ము దానంతటదే కోత పడుతుంది. ఆ రోజుకి ఖాతాలో డబ్బు లేకపోతే బీమా కూడా లేనట్టే. మే నెలంటే పల్లెలో పనులు అడుగంటిన కాలం. ఈ తేదీ పెట్టినవాళ్ళకు కూలీవాడి కేలండరు తెలియదేమో!

ఎప్పుడూ ఇలాగే ఉందనుకుంటే పొరపాటు. 2007 అక్టోబరు 2న ఆమ్ ఆద్మీ బీమా అని ఒక పథకం వచ్చింది. భూమిలేని గ్రామీణ కుటుంబాలకు ఉద్దేశించింది. ఏడాదికి 200 రూపాయల ప్రీమియం. అందులో సగం కేంద్రం, సగం రాష్ట్రం ఎల్.ఐ.సి.కి కట్టేవి. కూలీ జేబులోంచి పైసా తీయనక్కరలేదు. సహజ మరణానికి 30 వేలు, ప్రమాదానికి 75 వేలు, తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా చదివే పిల్లలకు నెలకు 100 రూపాయల ఉపకారవేతనం. మొత్తం చిన్నదే, మేమూ చాలదనే అన్నాం. కానీ ప్రీమియం కట్టాల్సింది ప్రభుత్వం అనే సూత్రం అందులో ఉంది. 2017లో దాన్ని కొత్త పథకాల్లో కలిపేశారు. కలపడమంటే ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది. కట్టాల్సిన వాడు మారిపోయాడు.

ఇంకో చిత్రం చూడండి. మాఫీ అన్నది విడి పాలసీలకే గాని గుంపుగా తీసుకునే పాలసీలకు కాదు. ఒక హమాలీల సంఘమో, ఒక సహకార సొసైటీయో తన సభ్యులందరికీ కలిపి ఆరోగ్య బీమా చేయిస్తే 18 శాతం అలాగే ఉంది. పట్నంలో 20 వేలు, 30 వేలు ప్రీమియం కట్టగల పెద్దమనిషి ఒంటరిగా తీసుకుంటే మాఫీ. పది రూపాయలు పోగేసుకుని కలిసి తీసుకుంటే పన్ను. అందులోనూ విడి పాలసీలకు పన్ను లేకపోయేసరికి, కంపెనీలు తాము ఖర్చుల మీద కట్టిన పన్నును వెనక్కి రాబట్టుకునే వీలు పోయింది. ఆ మేరకు అసలు ప్రీమియమే పెంచుతామంటే ఆపే కట్టడి ఏదీ కనబడదు.

ఇక పన్నుల్లో అసలైన రాయితీలు ఎక్కడ పోతున్నాయి? 2019 సెప్టెంబరు 20న కంపెనీల లాభాల మీద పన్ను 30 శాతం నుంచి 22 శాతానికి దించారు. కొత్తగా పెట్టే ఫ్యాక్టరీలకైతే 15 శాతమే. దీనివల్ల ఖజానాకు ఏటా 1 లక్షా 45 వేల కోట్లు తగ్గుతుందని ఆనాడు ప్రభుత్వమే చెప్పింది, మేం కట్టిన లెక్క కాదు. అంతకుముందు 2015 బడ్జెట్‌లో సంపద పన్ను ఎత్తేశారు. తాతలనాటి ఆస్తి చేతులు మారేటప్పుడు వసూలు చేసే ఎస్టేటు సుంకాన్ని 1985లోనే తీసేశారు. తండ్రి వదిలిపోయిన వేల కోట్లకు పన్ను లేని దేశంలో, తండ్రి వదిలిపోయిన అప్పు తీర్చడానికి కూలికి పోయేవాడు సబ్బుబిళ్ళ కొన్నా పన్ను కడుతున్నాడు. 2025-26 బడ్జెట్‌లో 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేదన్నారు. ఉద్యోగులకు ఊరట దక్కింది, మంచిదే. రోజుకు 500 చొప్పున ఏడాదికి 150 రోజులు పని దొరికినా 75 వేలు దాటని కుటుంబానికి ఆ 12 లక్షల మాట ఆకాశంలో చుక్క.

"రైతుకు ఆదాయపు పన్నే లేదుగదా" అని ఎత్తిపొడిచే పెద్దలు కొందరున్నారు. ఈ మాటలో సగమే నిజం. ఆ మినహాయింపు చాటున పెద్ద పెద్ద తోటల యజమానులు, విత్తన కంపెనీలు నడుపుకొస్తున్న వ్యవహారాన్ని మేమూ ఎరుగుదుం. పెద్ద కమతాల మీద పన్ను వేయాలని 1972లోనే కె.ఎన్. రాజ్ కమిటీ చెప్పింది. ఆ నివేదిక దుమ్ము కొట్టుకుపోయింది. భూస్వాముల మీద పన్ను అనేసరికి ఏ ప్రభుత్వానికీ చెయ్యి రాదు. కానీ రెండెకరాల రైతు పన్ను కట్టడం లేదన్నది పచ్చి అబద్ధం. పురుగుమందు మీద 18 శాతం జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు సవరణల్లోనూ అలాగే ఉంచారు. ఎరువు మీద 5 శాతం. ట్రాక్టరు మీద 12 నుంచి 5కు తగ్గించారు. ట్రాక్టరు కొనగలవాడికి ఆ లాభం సూటిగా అందింది. బాడుగకు తోలించుకునే వాడికి ఎంత అందిందో ఎవరి ఊళ్ళో వారు అడిగి చూసుకోండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఫ్యాక్టరీవాడు ముడిసరుకు మీద కట్టిన పన్నును, తన సరుకు అమ్మేటప్పుడు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకుంటాడు. దుకాణదారుడూ అంతే. రైతు అమ్మే ధాన్యానికి జి.ఎస్.టి. లేదు కాబట్టి, మందు సీసా మీద కట్టిన పన్నును తగ్గించుకునే ఖాతా అతనికి లేనే లేదు. వెయ్యి రూపాయల మందుకు 180 కట్టాడా, అది అతని పెట్టుబడిలో పడిపోయినట్టే. ధరలో వేసుకుందామా అంటే ధర నిర్ణయించేది అతను కాదు. పన్ను లేని ధాన్యం అని పేరే గాని, ప్రతి బస్తాలోనూ పన్ను కూరి ఉంది. అదే ధాన్యం బియ్యమై 25 కిలోల లోపు సంచిలో పేరు వేసుకుని తిరిగివస్తే 2022 జూలై 18 నుంచి దానికీ 5 శాతం వేశారు. పండించిన కూలీయే దుకాణంలో కొనుక్కుని ఆ పన్నూ కడుతున్నాడు.

డీజిలు సంగతి మరీ ఘోరం. 2014 ఏప్రిల్‌లో లీటరుకు కేంద్ర ఎక్సైజు సుంకం 3 రూపాయల 56 పైసలు. 2020 మేలో, కరోనాతో జనం ఇళ్ళల్లో కూచుని పస్తులుంటే, ప్రపంచంలో చమురు ధర పడిపోయిన ఆ తరుణంలో దాన్ని 31 రూపాయల 83 పైసలకు తీసుకుపోయారు. తర్వాత 2021లో 10, 2022లో 6 తగ్గించి ఊరట అన్నారు. 2025 ఏప్రిల్‌లో మళ్ళీ 2 పెంచారు. ముందు గుంజుకుని కొంచెం తిరిగి పారేస్తే దాన్ని రాయితీ అనడం ఏ భాషో మాకు తెలియదు. దుక్కి ఖర్చు, కోత యంత్రం బాడుగ, మార్కెట్టుకు చేర్చే కిరాయి అన్నీ ఈ సుంకంతో కట్టివేసి ఉన్నాయి.

పంటల బీమాకు వద్దాం. 2016 ఖరీఫ్ నుంచి నడుస్తున్న ప్రధానమంత్రి ఫసల్ బీమాలో రైతు వాటా ఖరీఫ్ ఆహార పంటలకు బీమా మొత్తంలో 2 శాతం, రబీకి 1.5 శాతం, పత్తి, మిరప లాంటి వాణిజ్య పంటలకు 5 శాతం. కంపెనీ అడిగే ప్రీమియంలో మిగతాది కేంద్రం, రాష్ట్రం సగం సగం భరిస్తాయి. రైతులు 35 వేల కోట్ల పైచిలుకు కడితే 1 లక్షా 83 వేల కోట్లు అందాయని కేంద్రం 2025లో గొప్పగా చెప్పుకుంది. బాగుంది. మరి రైతు వాటా కాక ఖజానాలోంచి కంపెనీలకు పోసిన ప్రీమియం ఆ పోలికలో ఎందుకు చేర్చలేదు? ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? మందు సీసా మీద, డీజిలు మీద మనం కట్టిందే కదా! రైతు ఒక చేత్తో కట్టింది చూపించి, రెండో చేత్తో కట్టింది దాచిపెడితే అది లెక్క కాదు, కనికట్టు. కేంద్రమేమో 2020 ఖరీఫ్ నుంచి తన వాటాకు గిరి గీసుకుంది. ప్రీమియం వర్షాధార పంటకు 30 శాతం, నీటివసతి పంటకు 25 శాతం దాటితే ఆ పై భారంతో తనకు సంబంధం లేదంది. ఎండే నేలలో నష్టం ఎక్కువ, కాబట్టి ప్రీమియం ఎక్కువ. బీమా ఎక్కువ అవసరమైన చోటే కేంద్రం చెయ్యి వెనక్కి తీసుకుంది.

పరిహారం ఎలా కడతారో ప్రతి కార్యకర్తా తెలుసుకోవాలి. నీ పొలం చూసి కట్టరు. గ్రామం యూనిట్‌గా సగటు దిగుబడి తీస్తారు. వెనకటి 7 ఏళ్ళలో మంచివైన 5 ఏళ్ళ సగటు పత్తికి ఎకరాకు 10 క్వింటాళ్ళనుకోండి. హామీ 80 శాతమైతే గీటురాయి 8 క్వింటాళ్ళు. ఈ ఏడు ఊరి సగటు 6 వచ్చిందంటే, తగ్గింది 8లో 2, అంటే పాతిక శాతం. ఎకరాకు 40 వేల బీమా ఉంటే చేతికొచ్చేది 10 వేలు. పది క్వింటాళ్ళలో నాలుగు పోతే పాతిక శాతమే నష్టమట! మొదటి రెండు క్వింటాళ్ళ నష్టం రైతు నెత్తినే. సగటు 8కి పైన నిలిచిందా, నీ చేను తుడిచిపెట్టుకుపోయినా నీకు సున్నా. వడగళ్ళు, కొండచరియలు లాంటి కొన్నిటికి మాత్రం 72 గంటల్లో ఫిర్యాదు చేస్తే పొలం వచ్చి చూడాలి. ఆ జాబితాలోంచి వరి ముంపును 2018లో తీసేశారు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరికి ముంపు కాక మరేం ప్రమాదం ఉంది? మురుగు కాలువ గండిపడి నాలుగు కమతాలు మునిగితే కేంద్ర పథకం కింద అడిగే దిక్కు లేకుండా పోయింది. 2026 ఖరీఫ్ నుంచి మళ్ళీ చేరుస్తామని 2025 నవంబరులో ప్రకటించారు. అప్పటికి మొంథా తుపాను వచ్చి పోయింది. అక్టోబరు 28 రాత్రి తీరం దాటి, చేతికందబోయే వరిని నేలకు పడేసి పోయింది.

రాష్ట్రాల తీరూ తిన్నగా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత రైతు వాటా రాష్ట్రమే కడతానంది. 2024-25 రబీ నుంచి ఆ వాటా మళ్ళీ రైతు మీదకే వచ్చింది. తెలంగాణ 2020లో పథకం నుంచే బయటికొచ్చింది. కొత్త ప్రభుత్వం 2024లో మళ్ళీ చేరతామంది. మధ్యలో పోయిన పంటలకు జవాబుదారీ ఎవరు? 2018లో వచ్చిన రైతు బీమా తెలంగాణలో చనిపోయిన రైతు కుటుంబానికి 5 లక్షలు ఇస్తుంది, ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. ఇది మంచి పథకమే, మేం కాదనం. కానీ అది పట్టా ఉన్నవాడికి. అదే పొలాన్ని కౌలుకు దున్నిన వాడు పోతే, అందులో కలుపు తీసిన ఆమె పాము కరిచి పోతే అది వర్తించదు. ఆంధ్రలో కౌలుదారుకు 2019 చట్టం ప్రకారం 11 నెలల కార్డు రావాలన్నా భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే పొలం పోతుందని యజమాని భయం. సంతకం లేకపోతే పంట పోయినా పరిహారం యజమాని ఖాతాలోనే పడుతుందని కౌలుదారు ఏడుపు.

అన్నిటికన్నా పెద్ద సంగతి, ఎవరూ మాట్లాడనిది ఇంకొకటి ఉంది. చేను మునిగితే రైతుకు పంట పోతుంది, కూలీకి పని పోతుంది. కోత కూలి లేదు, కుప్ప నూర్పిడి లేదు, మోత లేదు. పత్తి కాయ కుళ్ళితే పత్తితీత కూలి లేదు. ఆ నెలంతా ఆ ఇంట్లో పొయ్యి మీదకు ఏమెక్కింది అని అడిగే కాలమ్ ఏ బీమా పత్రంలోనూ లేదు. పరిహారం లెక్కలో ఎకరాలుంటాయి, క్వింటాళ్ళుంటాయి, పనిదినాలు ఉండవు. విపత్తు ప్రకటించిన మండలంలో పోయిన పనిదినాలకు కూలి చెల్లించాలి, అందుకు కావలసిన సొమ్ము 2019లో వదులుకున్న ఆ పన్నులోంచి రావాలి అన్నది మా వాదన. డబ్బు లేదనే మాట కంపెనీలకు పన్ను తగ్గించేటప్పుడు గుర్తు రాలేదు.

ఇంతలో బీమా రంగాన్నే పూర్తిగా విదేశీ పెట్టుబడికి తెరిచారు. 1956లో జీవిత బీమాను, 1972 చట్టంతో సాధారణ బీమాను జాతీయం చేసిన దేశం ఇది. 1999లో 26 శాతం, 2015లో 49, 2021లో 74, 2025 డిసెంబరులో 100. మెట్టుకు మెట్టు అలా ఎక్కించారు. లాభం లేని చోట నష్టాన్ని భరించడానికి ఏ కంపెనీ సముద్రం దాటి వస్తుంది? అనంతపురం వేరుశనగకో, ఆదిలాబాద్ పత్తికో టెండరు వేసేటప్పుడు అది చూసేది ప్రీమియం ఎంత గుంజవచ్చు అనే.

ఈలోగా ఊళ్ళో చేయగల పని ఉంది. పంటరుణం తీసుకున్నవారికి బీమా వద్దనుకుంటే గడువుకు 7 రోజుల ముందు బ్యాంకులో రాసివ్వాలి, లేదంటే కోత పడుతుంది. కోత పడినవారు రసీదు అడిగి తీసుకోండి, అందులో పంట పేరు, సర్వే నంబరు సరిగా ఉన్నాయో చూసుకోండి. పరిహారం ఆలస్యమైతే 12 శాతం కలిపి ఇవ్వాలన్న నిబంధన ఉంది, దాన్ని అర్జీలో రాయండి. అసలు కీలకం పంటకోత ప్రయోగం దగ్గర ఉంది. ముఖ్య పంటకు ఊరికి కనీసం 4 చోట్ల, 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు చెక్క కొలిచి కోసి తూకం వేస్తారు. ఊరంతటి పరిహారం ఆ తూకం మీద నిలబడి ఉంటుంది. ఆ రోజు చాలా ఊళ్ళల్లో అక్కడ ఉండేది ఒక ఉద్యోగి, ఒక ఇద్దరు కూలీలు. ఏ చేను పడిందో, ఏ తేదీన కోస్తారో ముందే సచివాలయంలో, వ్యవసాయ విస్తరణాధికారి దగ్గర రాతపూర్వకంగా అడగండి. సంఘం తరఫున నలుగురు అక్కడికి వెళ్ళండి, తాడు పట్టుకుని చెక్క కొలవడం చూడండి, కాటా మీద అంకె కాగితం మీదకు ఎక్కేదాకా అక్కడే నిలబడండి.