వాట్లు సరే, కోన్ సంగతేంటి?

కలిదిండి వైపు ఏ ఊళ్లో తిరునాళ్లకి మైక్ సెట్ మాట్లాడినా మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎన్ని వాట్లు?" కోన్ గురించి ఎవరూ అడగరు. అసలు అడగాల్సింది దాని గురించే అంటాను నేను.

స్పీకర్‌లో కనిపించే ఆ నల్లటి కాగితపు గరాటే కోన్. వెనకున్న కాయిల్ దాన్ని ముందుకీ వెనక్కీ తోస్తే గాలి కదులుతుంది. 1925లో జనరల్ ఎలక్ట్రిక్‌లో రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఈ పద్ధతిని వివరించారు. వందేళ్లయినా చాలా స్పీకర్లలో ఇంకా కాగితమే. తేలిగ్గానూ గట్టిగానూ ఉండే వస్తువు దొరకడం అంత కష్టం మరి.

తేలిక ఎందుకంటారా? ఇంటర్‌లో బట్టీ పట్టిన న్యూటన్ రెండో సూత్రమే. కాయిల్ తోసే బలం మారకుండా కదిలే బరువు రెట్టింపైతే త్వరణం సగమవుతుంది, వచ్చే ధ్వని శక్తి నాలుగో వంతుకి పడిపోతుంది. పూడ్చుకోవాలంటే 100 వాట్ల చోట 400 కావాలి. మనం గొప్పగా చెప్పుకునే వాట్లలో కొన్ని ఆ బరువు మోయడానికే పోతున్నాయన్నమాట!

ఇక గట్టితనం. న్యూస్‌పేపర్ ముక్కని ఓ మూల పట్టుకుంటే వేలాడిపోతుంది, అదే పొట్లం చుడితే వేరుశనక్కాయలు మోస్తుంది. కోన్‌కి ఆ ఆకారం అందుకే. అయినా స్వరం పైకెళ్లేకొద్దీ కోన్ వంగి, ఒక్కో భాగం ఒక్కోలా ఊగుతుంది. అల్యూమినియం అంత త్వరగా వంగదు గానీ, వంగిన చోట కిందపడ్డ స్టీలు కంచంలా మోగుతుంది. కాగితం పీచు ఆ మోతని చాలావరకు తనలోనే అణిచేస్తుంది. కాకపోతే మా వైపు చుట్టూ చేపల చెరువులు, ఉత్తరాన కొల్లేరు. పూత లేని కాగితం తేమ పీల్చి బరువెక్కుతుంది, మెత్తబడుతుంది. రెండూ నష్టమే.

ఇదంతా తెలుగు క్లబ్ పత్రికలో ఎందుకంటే, మునిగేది మన మాటే కాబట్టి. స, శ, చ, ట లాంటి హల్లుల్ని గుర్తుపట్టించే ధ్వని ఎక్కువగా 2,000 హెర్ట్జ్ పైనే ఉంటుంది. 18 అంగుళాల బరువైన కోన్ పని అది కాదు. బాక్సులో హారన్ ఉన్నా, బేస్ పెంచేస్తే అది వినపడదు. గుడి మీది గొట్టం మైకులో డయాఫ్రమ్ పల్చగా, తేలిగ్గా ఉంటుంది. కీచుగా ఉంటుంది, బేస్ సున్నా, కానీ మాట చెరువు గట్టు దాకా తెలుస్తుంది.

డీజే వద్దనట్లేదు, ఊరేగింపులో నేనూ డాన్స్ వేస్తా. హరికథకీ, పద్యనాటకానికీ కూడా అదే సెట్, అదే సెట్టింగ్ అంటేనే ఒప్పుకోను. కమిటీ వాళ్లు బుక్ చేసేటప్పుడు ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి: మాటలకి ఏ బాక్సులు పెడతారు? చిరిగిన కోన్ మార్చినప్పుడు అదే బరువుది వేశారా? తర్వాత ఎవరిచేతనైనా ఓ పద్యం చదివించి, చివరి వరసలో కూర్చుని వినాలి.