సముద్రం దాటిన శ్రమకు పింఛను ఏది?

కోనసీమలో ఇప్పుడు పింఛను అంటే మూడు రకాలు. ఒకటో తేదీన ఇంటికొచ్చి వేలిముద్ర వేయించుకుని చేతిలో పెట్టేది ఒకటి. రిటైరైన ప్రభుత్వోద్యోగికి ట్రెజరీ నుంచి వచ్చేది ఇంకొకటి. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉద్యోగం చేసి, పెద్దతనంలో సొంత ఊరు చేరుకున్నవారి ఖాతాలో డాలర్లుగా, పౌండ్లుగా పడేది మూడోది. ఈ మూడింటిలో ఏదీ అందని విదేశీ ఉద్యోగులు మన చుట్టూ ఉన్నారు. కువైట్, దుబాయ్, మస్కట్, ఖతార్ ఇళ్లలో పదిహేను, ఇరవై ఏళ్లు వండి, కడిగి, పిల్లల్ని పెంచి, ముసలివాళ్లకు సేవ చేసి తిరిగొచ్చిన ఆడవాళ్లు వాళ్లు. పోనీ డాలర్లు పడే ఇంట్లో భార్యకు న్యాయం జరుగుతోందా అంటే అదీ లేదు. అక్కడ పింఛను భర్తది. ఆమెకు వాటా ఉందా లేదా అన్నది ఆమె ఎన్నేళ్లు ఏ దేశంలో ఉందన్న లెక్క మీద తేలుతుంది.

ఈ రెండూ వేరు వేరు సమస్యలుగా కనిపిస్తాయి. నా దృష్టిలో రెండూ ఒకటే. పింఛనును శ్రమకు ముడిపెట్టకుండా పౌరసత్వానికీ, పాస్‌పోర్టుకూ, నివాసానికీ ముడిపెట్టినంతకాలం ఆడవాళ్ల శ్రమ ఆ లెక్కలోకి రాదు.

ముందు గల్ఫ్ సంగతి చూద్దాం. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు, పి.గన్నవరం మండలాల్లో ఏ పేటకు వెళ్లినా గల్ఫ్‌కు వెళ్లొచ్చిన స్త్రీలు కనిపిస్తారు. ఎక్కువమంది దళిత, వెనుకబడిన కులాలవారు. వాళ్ల జీతంతో పెంకుటిళ్లు డాబాలయ్యాయి, ఆడపిల్లల పెళ్లిళ్లయ్యాయి, మొగుళ్ల అప్పులు తీరాయి. వాళ్లు పంపిన దినార్లు దేశానికి విదేశీ మారకద్రవ్యం అయ్యాయి. ఆ స్త్రీకి యాభై అయిదేళ్లొచ్చి, మోకాళ్లు అరిగి, బీపీ, షుగరుతో ఇల్లు చేరాక ఆమెకేం మిగిలింది? "పద్దెనిమిదేళ్లు వండి పెట్టానండి, నాకేమీ రాదాండీ?" అని అడిగినవాళ్లకు సమాధానం చెప్పలేక తలవంచుకోవలసి వస్తోంది.

కువైట్‌లో ప్రభుత్వ పింఛను వ్యవస్థ ఉంది. అది కువైటీ పౌరులకూ, పొరుగునున్న గల్ఫ్ దేశాల పౌరులకూ మాత్రమే. మిగిలిన గల్ఫ్ దేశాల్లోనూ కథ దాదాపు ఇదే. బయటి నుంచి వచ్చిన పనివాళ్లకు పని మానే రోజున ఇచ్చే ఒక్కసారి మొత్తమే దిక్కు. ఇంటిపనివాళ్లకు అది కూడా చట్టంలో చాలాకాలం లేదు. 2010లో కువైట్ చేసిన కార్మిక చట్టం వాళ్లను పక్కన పెట్టేసింది. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం మొదటిసారిగా వారానికో సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు, పని ముగిశాక ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ముగింపు మొత్తం ఇవ్వాలంది. 2016లో కనీస జీతం 60 దినార్లని నిర్ణయించారు. కాగితం మీద ఇది గెలుపే. కానీ దెబ్బలు భరించలేక యజమాని ఇంట్లోంచి బయటపడి, పారిపోయిందన్న కేసు మీద పడి, క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఔట్‌పాస్ మీద విమానమెక్కిన స్త్రీ ఆ మొత్తాన్ని ఎవరిని అడుగుతుంది? 2018లోనూ, 2024లోనూ కువైట్ క్షమాభిక్ష ఇచ్చినప్పుడు బయటపడ్డవారి చేతిలో సంచీ తప్ప ఇంకేముంటుంది?

మన ప్రభుత్వం ఏమీ చేయలేదని అనను. 2012లో కేంద్రం మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్షా యోజన పెట్టింది. గల్ఫ్ వంటి దేశాలకు ఇమిగ్రేషన్ అనుమతితో వెళ్లే కార్మికులు ఏడాదికి వెయ్యి రూపాయల నుంచి దాచుకుంటే ప్రభుత్వం ఒక వెయ్యి కలుపుతుంది. స్త్రీలైతే ఇంకో వెయ్యి అదనం. వృద్ధాప్యంలో పింఛను, తిరిగొచ్చాక స్థిరపడటానికి కొంత డబ్బు, జీవిత బీమా. ఆలోచన మంచిదే. చేరినవాళ్లు తక్కువని 2017లో దాన్ని ఎత్తేశారు. ఎందుకు చేరలేదో ఎవరైనా ఆ ఆడవాళ్లను అడిగారా? ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండాలన్నారు. 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని ఓంక్యాప్‌ది. ఉద్దేశం రక్షణే కావచ్చు. ఫలితం మాత్రం, అవసరం ఆగనివ్వని స్త్రీ విజిటింగ్ వీసా మీద ఏజెంటు చేతిలో పడి వెళ్లటం. అలా వెళ్లినామె పేరు ప్రభుత్వ రికార్డులో ఉండదు. రికార్డులో లేనామె పథకంలో ఎలా చేరుతుంది? తలుపు మూసి, ఎవరూ రాలేదని దుకాణం ఎత్తేసినట్టుంది ఇది.

2019లో అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం తెచ్చిన శ్రమయోగి మాన్‌ధన్‌లో చేరాలంటే 40 ఏళ్లలోపు ఉండాలి. గల్ఫ్ నుంచి తిరిగొచ్చేసరికి ఆ వయసు దాటిపోతుంది. ఇక మిగిలింది రాష్ట్ర పింఛను. 2024 జూలై నుంచి వృద్ధులకు, వితంతువులకు, ఒంటరి మహిళలకు నెలకు 4,000 రూపాయలు ఇస్తున్నారు. మంచిదే. అయితే అది పేదరికానికి ఇచ్చే సాయం, చేసిన పనికి దక్కిన హక్కు కాదు. వృద్ధాప్య పింఛను కావాలంటే మామూలుగా 60 ఏళ్లు నిండాలి. సాధారణంగా కుటుంబానికి ఒక్కటే. భూమి, ఆదాయం, కరెంటు బిల్లు అన్నీ చూస్తారు. కువైట్ డబ్బుతో కట్టిన డాబాలో కొడుకు ఏసీ పెట్టుకుని 300 యూనిట్లు దాటిస్తే తల్లి అర్హత మీదికొస్తుంది. వితంతువుగా పింఛను తీసుకుంటూ మళ్లీ గల్ఫ్‌కు వెళ్లినామె వరసగా మూడు నెలలు వేలిముద్ర వేయకపోతే వలస వెళ్లినట్టు రాసుకుని ఆపేస్తారు. ఊళ్లో ఉంటేనే పింఛను, ఊళ్లో ఉంటే పని లేదు. ఇక ఆమె ఎక్కడ బతకాలి?

కేరళ ఇంకో దారి వెతికింది. 2008లో ప్రవాస కేరళీయుల సంక్షేమ చట్టం చేసి, బోర్డు పెట్టి, నెలనెలా చందా కట్టించుకుంటోంది. కనీసం అయిదేళ్లు కట్టినవారికి 60 ఏళ్లు నిండాక పింఛను వస్తుంది. ఫిలిప్పీన్స్ 2019లో చట్టం చేసి విదేశాల్లో పనిచేసే తన పౌరులందరినీ తప్పనిసరిగా సామాజిక భద్రతలో చేర్చింది. గల్ఫ్ రాజులు ఇవ్వనప్పుడు మనమేం చేస్తాం అనేవాళ్లకు జవాబు ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రవాసాంధ్ర భరోసా పేరుతో ఉన్నది బీమా. చనిపోతే, ప్రమాదం జరిగితే ఆదుకుంటుంది. బతికి ముసలిదయ్యాక ఆదుకునేది కాదు.

ఇప్పుడు రెండో ఇల్లు చూద్దాం. అమెరికాలో పదేళ్లకు సరిపడా, అంటే 40 క్రెడిట్లు పనిచేసిన మనిషికి అక్కడి సోషల్ సెక్యూరిటీ పింఛను వస్తుంది. అతను అమలాపురం వచ్చి ఉన్నా వస్తుంది. అక్కడి చట్టం ప్రకారం పూర్తి వయసుకు భార్యకు భర్త పింఛనులో సగం దాకా, అతను పోతే దాదాపు మొత్తం రావాలి. వినడానికి బాగుంది. కానీ భార్య అమెరికా పౌరురాలు కాకుండా, మన దేశంలో ఉంటూ ఉంటే ఇంకో షరతుంది. అతని భార్యగా ఆమె కనీసం అయిదేళ్లు అమెరికాలో నివసించి ఉండాలి. 1983లో చట్టం సవరించి, 1985 నుంచి ఈ షరతు అమలు చేస్తున్నారు. కొబ్బరితోట, పొలం, అత్తమామల మందులు, పిల్లల చదువులు చూసుకుంటూ ఇక్కడే ఉండిపోయిన భార్యకు, ఆమె ఇక్కడ నిలబడబట్టే అతను అక్కడ నిలబడగలిగినా, సున్నా.

వెంట వెళ్లినామె పరిస్థితి కూడా అంత గొప్పగా లేదు. హెచ్-4 వీసా మీద వెళ్లిన భార్యలకు 2015 దాకా పనిచేసే అనుమతే లేదు. ఆ తర్వాత కూడా భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశకు చేరినవాళ్లకే ఇచ్చారు. ఎంటెక్‌లు చదివిన ఆడపిల్లలు పదేళ్లు వంటింట్లో గడిపారు. వాళ్ల పేరు మీద ఒక్క క్రెడిట్ లేదు. విడాకులైతే, పెళ్లి పదేళ్లు నిలిచి ఉంటే తప్ప మాజీ భార్యకు వాటా లేదు. పెళ్లి చేసుకుని, కట్నం తీసుకుని, వీసా వస్తుందని చెప్పి వదిలేసిపోయిన మొగుళ్ల కథలు ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు. తిరుపతిలో పెళ్లాడి మిస్సోరీ రాష్ట్రంలో విడాకులు తెచ్చుకున్న వై. నరసింహారావు కేసులో, ఆ విదేశీ తీర్పు మన దగ్గర చెల్లదని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. మన కోర్టు చెల్లదన్న విడాకులు అక్కడి పింఛను ఆఫీసులో చెల్లిపోవచ్చు. ఇక్కడ భార్య, అక్కడ ఎవరూ కాని మనిషి.

ఇలా తప్ప ఇంకోలా కుదరదా? కుదురుతుందని చూడాలంటే దూరం వెళ్లనక్కర్లేదు. ఎదుర్లంక దగ్గర గోదావరి వంతెన దాటితే యానాం. 1954 దాకా అక్కడ ఫ్రెంచి పాలన. అప్పగింత ఒప్పందం మీద 1956లో సంతకాలై, 1962లో అమల్లోకి వచ్చింది. ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకుంటామన్నవారికి ఆ వీలు ఇచ్చారు. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి వచ్చినవారు పుదుచ్చేరి, కారైకాల్‌లలో ఎక్కువగా, యానాంలో కొద్దిగా ఉన్నారు. వారు పోతే వితంతువుకు భర్త పింఛనులో సగం వస్తుంది. ఆమె ఫ్రాన్సులో ఎన్నేళ్లు ఉందని అడగరు. పెళ్లి ఎన్నేళ్లు నిలిచింది, పిల్లలున్నారా అని చూస్తారు. మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆపేయటం లాంటి పితృస్వామ్య షరతులు అందులోనూ ఉన్నాయి. అయినా వంతెనకు ఇవతల లేనిది అవతల ఉంది.

ఫ్రాన్సు కూడా దీన్ని దయతో ఇవ్వలేదు. స్వతంత్రమైన పాత వలస దేశాల సైనికుల పింఛన్లను 1959లో ఒక చట్టంతో గడ్డకట్టించింది. పక్కపక్కన పోరాడినవాళ్లలో ఫ్రెంచివాడి పింఛను పెరుగుతూ పోయింది, ఆఫ్రికావాడిది అక్కడే నిలిచిపోయింది. సెనెగల్ సైనికుడు డియోప్ కేసులో 2001లో తీర్పు వచ్చింది. 2010 మే 28న ఆ దేశ రాజ్యాంగ మండలి, ఒకే దేశంలో ఉంటున్నవారికి పౌరసత్వాన్ని బట్టి వేరువేరు పింఛన్లు ఇవ్వటం సమానత్వానికి విరుద్ధమని చెప్పింది. దశాబ్దాల పోరాటం పట్టింది, కానీ గెలిచారు.

మన దేశం సుమారు ఇరవై దేశాలతో సామాజిక భద్రతా ఒప్పందాలు చేసుకుంది. మొదటిది 2006లో బెల్జియంతో. జర్మనీ, ఫ్రాన్సు, జపాన్, కెనడా, ఆస్ట్రేలియా ఆ వరసలో ఉన్నాయి. కంపెనీలు పంపే ఉద్యోగులకు ఇవి పనికొస్తాయి. తెలుగువాళ్లు వేలాదిగా ఉన్న అమెరికాతో ఒప్పందం లేదు. పదేళ్లు నిండకుండా వచ్చేసినవారు కట్టిన సొమ్ము అక్కడే పోతుంది. కోనసీమ ఆడవాళ్లు పనిచేసే గల్ఫ్ దేశాలతో ఇలాంటి ఒప్పందం ఊసే వినబడదు. కోటు వేసుకున్న శ్రమకు దౌత్యం ఉంది, అంట్లు తోమిన శ్రమకు లేదు.

1983 నాటి వలస చట్టం స్థానంలో కొత్త చట్టానికి ముసాయిదాను విదేశాంగ శాఖ 2025 అక్టోబరులో బయటపెట్టింది. మనం గొంతు విప్పాల్సిన చోటు ఇదే. మహిళా సంఘాలుగా మనం అడగవలసినవి ఇవి.

ఏ వీసా మీద వెళ్లినా, విదేశంలో ఇంటిపని చేసిన ప్రతి స్త్రీకీ చందాతో కూడిన పింఛను పథకంలో చేరే హక్కు ఉండాలి. వయసు 40 దాటిందని, రికార్డు లేదని తిప్పి పంపకూడదు. పాత పాస్‌పోర్టు మీది ముద్రలు, అకామా కార్డు, డబ్బు పంపిన రసీదులు రుజువుగా తీసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్ కూడా కేరళలా ప్రవాస కార్మికుల సంక్షేమ బోర్డును చట్టంతో ఏర్పాటు చేయాలి. అందులో తిరిగొచ్చిన స్త్రీలు సభ్యులుగా ఉండాలి.

గల్ఫ్ దేశాలతో జరిగే ప్రతి కార్మిక ఒప్పందంలో ముగింపు మొత్తాన్ని నెలనెలా బ్యాంకులో జమ చేసే షరతు పెట్టాలి. అప్పుడు యజమాని ఇల్లు విడిచినా ఆమె సొమ్ము ఆమెదే.

అమెరికాతో ఒప్పందం గురించి మాట్లాడే ప్రతిసారీ కంపెనీల నష్టంతో పాటు, ఇక్కడే ఉండిపోయిన భార్యల అయిదేళ్ల షరతు కూడా బల్ల మీదికి రావాలి.

2024 నవంబరు నుంచి మన రాష్ట్రంలో పింఛను తీసుకునే భర్త చనిపోతే మరుసటి నెల నుంచే భార్యకు ఇచ్చే పద్ధతి వచ్చింది. భర్త పింఛను భార్య కూడు కూడా అని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే. ఆ న్యాయం రేవు దాటాక ఎందుకు ఆగిపోవాలి?

ఇంతకీ ముందు మనం చేయగల పని ఒకటుంది. మీ మండలంలో తిరిగొచ్చిన స్త్రీల పేర్లు, ఏ దేశం, ఎన్నేళ్లు, చివరికి ఏం ఇచ్చారు అన్నవి రాయండి. ప్రభుత్వం రాయని రికార్డు మనం రాద్దాం. లెక్క లేదని మళ్లీ ఎవరూ అనలేకుండా, ఆ జాబితా పట్టుకుని ఆ స్త్రీలతో కలిసి వెళ్లి అడుగుదాం.